బిడ్డ వచ్చిన దారి

(ఉయ్యూరులో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

కీర్తిశేషులైన ప్లీడరు గారి పేరిట ఈ స్మారకోపన్యాస నిధి పెట్టినవారు ఏటా ఒక చట్టం గురించి, అదీ మామూలు కుటుంబానికి అక్కరకొచ్చే చట్టం గురించి, తెలుగులో చెప్పించాలని నియమం పెట్టుకున్నారు. ఆయన స్వభావానికి తగిన నియమం అది. పార్టీకి అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టించడం ఆయనకు కిట్టేది కాదు. ఈసారి నేను దత్తతను ఎంచుకున్నాను.

మన ప్రాంతంలో పిల్లలు లేని దంపతులు దత్తత కోసం వకీలు దగ్గరికి వచ్చేసరికే చాలాసార్లు పని సగం అయిపోయి ఉంటుంది. బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. బారసాల కూడా చేసేసి ఉంటారు. "కాగితం ఒక్కటి రాయించండి సార్" అంటారు. బిడ్డ ఎక్కడిదమ్మా అంటే భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ ప్రశ్న గురించే. చట్టం ఒప్పుకునే దారులు మనకు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఏ దారిన వచ్చినా, ఇరవయ్యేళ్ల తర్వాత ఆ బిడ్డ "నేను మీ ఇంటికి ఎలా వచ్చాను?" అని అడిగితే తలెత్తుకుని జవాబు చెప్పవచ్చు, రుజువు తీసి చూపించవచ్చు. ఒప్పుకోని దారిన వస్తే ఆ ఇంట్లో ఎవరూ ఆ జవాబు చెప్పలేరు. దత్తత మంచిదా కాదా, పుణ్యమా కాదా అనే చర్చ నేను చెయ్యను. ఈ ఒక్క తేడా మీకు తెలిసేలా చెప్పగలిగితే నాకు చాలు.

ముందు పాత సంగతి కొంచెం. కృష్ణా డెల్టాలో దత్తత చాలాకాలం పొలంతో, పిండంతో ముడిపడి ఉంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక మాగాణికి విలువ వచ్చింది. దాంతోపాటే "మన తర్వాత ఇది ఎవరిది?" అన్న ప్రశ్నకూ విలువ వచ్చింది. కొడుకు లేని ఇంటివాళ్లు అన్నదమ్ముల బిడ్డనో, జ్ఞాతుల బిడ్డనో తెచ్చుకునేవారు. కూతురుంటే అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకునేవారు. కమ్మ, రెడ్డి కుటుంబాల్లో ఇల్లరికపుటల్లుణ్ణి కొడుకుతో సమానంగా చూసే ఇల్లటం ఆచారాన్ని మద్రాసు హైకోర్టు పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించింది. ఇల్లటపుటల్లుడు మామగారి ఆస్తికి హక్కుదారు అయినా పుట్టింట తన హక్కు పోగొట్టుకోడు. దత్తు వెళ్లినవాడికి ఆ వెసులుబాటు లేదు.

1899లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దత్తతతో ముడిపడిన రెండు తెలుగు తగాదాలను తేల్చింది. ఒకటి బాలుసు వారి కేసు. ఇంటికి ఒక్కగానొక్క కొడుకును దత్తు ఇవ్వకూడదని శాస్త్రం చెబుతోంది కదా, ఇచ్చేశారు, మరి ఆ దత్తత చెల్లుతుందా అన్నది ప్రశ్న. చెల్లుతుందన్నారు. రెండోది పిఠాపురం జమీ కేసు. రాజా గంగాధర రామారావు గారు వెంకటగిరి వారి కుటుంబం నుంచి ఒక అబ్బాయిని దత్తు తెచ్చుకున్నారు. కొన్నేళ్లకు తనకు కొడుకు పుట్టాడన్నారు. జమీ మొత్తం ఆ పుట్టిన బాలుడికి దక్కేలా వీలునామా రాసి 1890లో కన్నుమూశారు. దత్తపుత్రుడు కోర్టుకెక్కారు. ఆ బాలుడు అసలు రాజావారి సంతానమే కాదన్నారు. అవిభాజ్యమైన జమీని వీలునామాతో రాసిచ్చే హక్కు రాజాకు లేదనీ వాదించారు. చివరికి ప్రీవీ కౌన్సిల్ వీలునామా చెల్లుతుందని చెప్పి కేసు ముగించింది. గెలిచిన ఆ బాలుడే సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకులైన పిఠాపురం మహారాజా. సాహిత్య చరిత్రలో ఆయన పేరు మనం గౌరవంగా తలుచుకుంటాం. నాకు మాత్రం ఓడిన ఆయన గురించి ఆలోచన పోతుంది. ఆయనది చిన్నతనంలో పెద్దలు చేసిన ఏర్పాటు. పుట్టిన ఇల్లు వదిలి వచ్చారు. వచ్చిన ఇంట్లో అక్కర తీరిపోయింది. ఆ తీర్పులో జమీ స్వభావం గురించి, వీలునామా బలం గురించి బోలెడు చర్చ ఉంది. అటూ ఇటూ మారిన పిల్లవాడికి ఏమనిపించిందన్నది ఆ కాలపు న్యాయానికి సంబంధించిన ప్రశ్నే కాదు.

ఆడపిల్ల సంగతి చూడండి. పాత ధర్మశాస్త్రం లెక్కలో దత్తత అంటే కొడుకును తెచ్చుకోవడమే. దేవదాసీ వృత్తిలోని కళావంతుల కుటుంబాల్లో మాత్రం ఆచారం ప్రకారం ఆడపిల్లలను దత్తు తీసుకునేవారు. మద్రాసు కోర్టులు కొన్ని తీర్పుల్లో ఆ ఆచారాన్ని ఒప్పుకున్నాయి కూడా. పేద ఇంటి పిల్లను అలా తెచ్చి ఏ బతుకులోకి దించుతున్నారన్నది సంస్కర్తల ఆవేదన. 1947లో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చేదాకా ఆ తగువు నడిచింది. ఇవాళ మన దేశంలో ప్రభుత్వ పద్ధతిలో దత్తత వెళ్తున్న పిల్లల్లో ఏటా మగపిల్లల కంటే ఆడపిల్లలే ఎక్కువ. కోరి ఆడపిల్లను అడిగే దంపతులు మన ఉయ్యూరు లాంటి ఊళ్లలో కూడా ఉన్నారు. మన తాతల కాలంలో ఇది ఊహకు అందని సంగతి.

ఈ మార్పుకు మొదటి మెట్టు 1956 నాటి హిందూ దత్తతల, మనోవర్తి చట్టం. ఆడపిల్లను దత్తు తీసుకోవచ్చని అది స్పష్టంగా చెప్పింది. అంతకుముందు వితంతువు దత్తు తీసుకోవాలంటే భర్త అనుమతైనా ఉండాలి, మన మద్రాసు రాష్ట్రంలోనైతే సపిండుల, అంటే దగ్గరి జ్ఞాతుల, సమ్మతైనా ఉండాలి. 1956 తర్వాత వితంతువు గానీ, పెళ్లి కాని స్త్రీ గానీ తన హక్కుతో తానే తీసుకోవచ్చు. భర్త ఉన్న స్త్రీకి ఆ సమానత 2010 సవరణతో వచ్చింది. ఇప్పుడు భార్య తీసుకుంటే భర్త సమ్మతి, భర్త తీసుకుంటే భార్య సమ్మతి కావాలి.

బంధువుల బిడ్డనో, తెలిసినవాళ్ల బిడ్డనో నేరుగా తీసుకునే హిందూ కుటుంబాలకు ఇప్పటికీ ఈ చట్టమే దారి. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో రాసే దత్తత పత్రాలన్నీ దీని కిందివే. పత్రం రాయించేవాళ్లు నాలుగు విషయాల్లో పొరపాటు పడుతుంటారు కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను.

బిడ్డను ఇచ్చే హక్కు తల్లిదండ్రులకే ఉంది. తల్లి చనిపోయి, తండ్రి ఎటో వెళ్లిపోయి, అమ్మమ్మ పెంచుతున్న బిడ్డను ఆ అమ్మమ్మ తన సంతకంతో ఇచ్చేస్తే చెల్లదు. ఆమె ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. తగిన సంరక్షకుడు కోర్టు అనుమతితో ఇవ్వవచ్చని తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. రెండో సంగతి, ఇంట్లో కొడుకో, కొడుకు కొడుకో ఉంటే మళ్లీ మగపిల్లవాణ్ణి, కూతురో, కొడుకు కూతురో ఉంటే మళ్లీ ఆడపిల్లను తీసుకోవడానికి ఈ చట్టం ఒప్పుకోదు. పురుషుడు ఆడపిల్లను గానీ, స్త్రీ మగపిల్లవాణ్ణి గానీ తీసుకుంటే మధ్యన కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. మూడోది, బిడ్డను నిజంగా చేతుల్లో పెట్టి ఇవ్వాలి, పుచ్చుకోవాలి. దత్తహోమం చేసుకుంటే సంతోషమే, చెయ్యకపోయినా దత్తతకు లోటు లేదు. ఇచ్చిపుచ్చుకోవడం జరగకుండా ఉత్త కాగితం రాస్తే మాత్రం లోటే. ఆఖరిది నోటరీ కాగితం సంగతి. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేసి రిజిస్టరు చేయించిన పత్రం ఉంటే దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదన్నవాడే రుజువు చెయ్యాలి. నోటరీ స్టాంపుకు ఆ బలం లేదు. అయినా రెండువేల రూపాయలతో పని అయిపోతుందని నోటరీ దగ్గరికే పరుగెత్తేవాళ్లు ఎందరో!

సొమ్ము ఇచ్చి పుచ్చుకోవడం ఈ చట్టం కింద నేరం. ఒకసారి చెల్లుబాటైన దత్తతను తల్లిదండ్రులు రద్దు చేసుకోలేరు, బిడ్డ కూడా కాదనుకుని పుట్టింటికి తిరిగి పోలేడు. పిల్లవాడు మాట వినడం లేదు, దత్తత కొట్టేయించండి అని అడిగేవాళ్లకు ఇదే జవాబు. పదిహేనేళ్లు నిండినవాణ్ణి, ఆచారం ఉంటే తప్ప, తీసుకోకూడదు. అలాంటి ఆచారం ఆంధ్ర ప్రాంతపు కమ్మ కుటుంబాల్లో ఉందని 2010లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఒప్పుకుంది. చూశారా, అంత పెద్ద వయసులో దత్తత ఎందుకంటే మళ్లీ పొలం దగ్గరికే వస్తాం.

బంధువుల మధ్య దత్తతలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది కుంతి. కర్ణుడి తల్లిగానే ఆమె మనకు గుర్తు. ఆమె స్వయంగా దత్తు వెళ్లిన బిడ్డ అన్నది మరిచిపోతాం. శూరుడు తన మేనత్త కొడుకు కుంతిభోజుడికి మాట ఇచ్చి, తొలి సంతానమైన పృథను ఇచ్చేశాడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి హస్తినకు వచ్చినప్పుడు ఆమె మేనల్లుడి దగ్గర తన కష్టాలన్నీ చెప్పుకుంటుంది. రాజ్యం పోయింది, కొడుకులు అడవుల పాలయ్యారు, కోడలికి సభలో అవమానం జరిగింది. అన్నీ చెబుతూ ఆమె తప్పు దుర్యోధనుడిది అనదు, నన్నూ అనుకోను, మా నాన్నననుకోవాలి అంటుంది. బంతితో ఆడుకునే వయసులో నన్ను ధనం ఇచ్చినట్టు ఇచ్చేశాడు అని ఆ వయసులో తలుచుకుంటుంది. కుంతిభోజుడు ఆమెను సరిగా చూడలేదని భారతంలో ఎక్కడా లేదు. అయినా ఆ గాయం మానలేదు. ఆమె పెళ్లికి ముందు కన్న బిడ్డను లోకానికి భయపడి నీళ్లలో వదిలింది. మాద్రి పోయాక నకుల సహదేవులను తన పిల్లలతో పాటు, సహదేవుణ్ణయితే వాళ్ల కన్నా ఎక్కువగా, పెంచింది. ఇచ్చిన బిడ్డ, బిడ్డను వదిలిన తల్లి, పరాయి బిడ్డలను పెంచిన తల్లి, ముగ్గురూ ఆమే. ఈ చట్టాలన్నీ చదివాక నాకు అనిపించేది, దత్తత గురించి ఆలోచించేవాళ్లు ఆ మూడు చోట్లా నిలబడి చూడాలని.

ఇక రెండో దారి. 1956 చట్టం హిందువులకు, బౌద్ధ, జైన, సిక్కులకు మాత్రమే. మన డెల్టాలో క్రైస్తవ కుటుంబాలు తక్కువేం కావు, బెజవాడ, బందరుల్లో ముస్లిం కుటుంబాలూ అంతే. చాలాకాలం వీళ్లకు ఉన్నది 1890 నాటి సంరక్షకుల చట్టం ఒక్కటే. దాని కింద బిడ్డకు సంరక్షకులు కావచ్చు గానీ అమ్మానాన్నలు కాలేరు. పద్దెనిమిదేళ్లు రాగానే ఆ సంబంధం చట్టం దృష్టిలో ముగిసిపోయేది. పెంచిన తండ్రి ఆస్తిలో ఆ బిడ్డకు దానంతటదే వచ్చే వాటా లేదు. 2000 నాటి బాలల న్యాయ చట్టం, 2006లో దానికి వచ్చిన సవరణ ఆ గోడను కూల్చాయి. ఏ మతం వారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చనీ, తమ మత సంప్రదాయం పాటించదలచినవాళ్లు అలాగే పాటించుకోవచ్చనీ 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చర్చికి వెళ్లే దంపతులు ఇంకా హిందూ దత్తత పత్రం రాయించుకుని వస్తుంటారు. వాళ్ల ప్రేమలో లోటేం లేదు. ఆ పత్రం రేపు బిడ్డకు అక్కరకు రాదు, అదీ బాధ.

ఇప్పుడు అమల్లో ఉన్నది 2015 నాటి బాలల న్యాయ చట్టం. దాని కింద కారా అని మనం పిలిచే కేంద్ర దత్తత వనరుల సంస్థ ఉంది. 2022 సెప్టెంబరులో కొత్త దత్తత నిబంధనలు వచ్చాయి. ఈ దారి శిశు గృహ గుండా పోతుంది. తల్లిదండ్రులు లేని, వదిలేసిన, అప్పగించిన పిల్లలు బాలల సంక్షేమ కమిటీ ముందుకు వస్తారు. పత్రికల్లో ప్రకటన ఇచ్చి, కన్నవాళ్ల కోసం వెతుకుతారు. రెండేళ్లలోపు బిడ్డకైతే రెండు నెలల్లో, అంతకు పైబడిన బిడ్డకు నాలుగు నెలల్లో, దత్తతకు అర్హత ఉందని కమిటీ ప్రకటించాలి. తల్లి తానే వచ్చి అప్పగిస్తే ఆమెకు మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంది. ఆ గడువు లోపల బిడ్డను ఎవరికీ ఇవ్వరు.

తీసుకునేవాళ్లు కారా పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని చేసుకోవచ్చు, లేదా జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లే సాయం చేస్తారు. తర్వాత సాంఘిక కార్యకర్త ఇంటికి వచ్చి హోమ్ స్టడీ రాస్తారు. ఆస్తి ఎంతుందో చూడ్డానికి వస్తారని చాలామంది భయపడి ఇంటికి రంగులు వేయిస్తారు. వాళ్లు అడిగేవి వేరు. మీకు మీకు ఎలా ఉంటుంది, సంతానం లేని బాధ నుంచి తేరుకున్నారా, ఇంట్లో పెద్దావిడ ఒప్పుకున్నారా, బిడ్డకు నిజం చెబుతారా అని అడుగుతారు. ఆ నివేదిక మూడేళ్లు చెల్లుతుంది. వరస వచ్చాక ఒక బిడ్డ ఫొటో, ఆరోగ్య వివరాలు, ఆ బిడ్డ కథ పోర్టల్‌లో కనిపిస్తాయి. 48 గంటల్లో ఒప్పుకోవాలి. తర్వాత వెళ్లి చూసి, డాక్టరుకు చూపించుకుని, ముందు పెంపకానికి ఇంటికి తెచ్చుకుంటారు.

దంపతులైతే పెళ్లయి కనీసం రెండేళ్లు సాఫీగా గడిచి ఉండాలి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసులూ కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు 100, ఆపైన 110. ఒంటరి స్త్రీ ఏ బిడ్డనైనా తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. ఫీజులన్నీ నిబంధనల్లోనే రాసి ఉంటాయి, రసీదు ఇస్తారు. రసీదు లేని రూపాయి ఎవరైనా అడిగితే అక్కడే ఆగిపోండి.

చివరి ఆర్డరు ఇంతకుముందు కోర్టు ఇచ్చేది. 2021 సవరణ 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక కలెక్టరు ఇస్తున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా, బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. మన ఉయ్యూరు రెవెన్యూ డివిజన్ అయి, కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. అందుకే మనవాళ్ల పని ఇప్పుడు మచిలీపట్నంలో. పని కోసం అలవాటుగా బెజవాడ బస్సు ఎక్కేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వకీలుగా నేను కోర్టు పోయిందని కొంత బాధపడ్డమాట నిజమే. వందల ఫైళ్లు చూసే కలెక్టరుకు ఒక్కో బిడ్డ విషయంలో న్యాయమూర్తికున్నంత తీరిక ఉంటుందా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఏళ్లకేళ్లు వాయిదాలు పడే చోటి నుంచి రెండు నెలల గడువున్న చోటికి పని మారడం బిడ్డకు మంచిదే. ఆర్డరు వచ్చాక మీ పేర్లు తల్లిదండ్రులుగా ఉన్న జనన ధ్రువపత్రం వస్తుంది. రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి బిడ్డ ఎలా ఉందో చూసి వెళ్తారు.

ఎంతకాలం పడుతుంది అంటారు. చిన్న బిడ్డ కోసమైతే మూడేళ్లు, మూడున్నరేళ్లు పడుతోంది. 2024-25లో దేశం మొత్తంలో 4,515 దత్తతలు జరిగాయని కారా చెప్పింది; అప్పటికి పన్నెండేళ్లలో అదే ఎక్కువ. వరసలో ఉన్న కుటుంబాలు ముప్పై వేలకు పైనే. ఈ నిరీక్షణ కష్టం. మన ఊరి వీరమ్మ తల్లి తిరునాళ్లలో సంతానం కోసం మొక్కుకుని, ఆసుపత్రుల చుట్టూ తిరిగి, ఆఖరున ఈ వరసలో నిలబడ్డ ఇల్లాలికి మూడేళ్లంటే ఎంతో నాకు తెలుసు. సరిగ్గా ఆ బలహీన ఘడియలోనే ఎవరో ఒకరు వచ్చి చెవిలో చెబుతారు: "నాకు తెలిసిన నర్సమ్మ ఒకావిడుంది."

మూడో దారి, బంధువుల బిడ్డను బాలల న్యాయ చట్టం కింద తీసుకోవడం. బాబాయి, పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ, ఈ వరసల వాళ్లే ఈ దారిలో బంధువులు. అయిదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి కూడా తీసుకోవాలి. కుంతికి దక్కనిది అదే. మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు భార్య బిడ్డనో, భర్త బిడ్డనో దత్తు తీసుకోవడానికీ ఈ చట్టంలో వీలుంది. మతం అడ్డు లేదు కాబట్టి క్రైస్తవ, ముస్లిం కుటుంబాల్లో అన్నదమ్ముల బిడ్డలను పెంచుతున్నవాళ్లకు ఇది పెద్ద ఆసరా. ఎందుకో దీని గురించి మన ఊళ్లలో చాలా తక్కువ మందికి తెలుసు.

పెంపక సంరక్షణ అని ఇంకోటుంది. కన్నవాళ్లు ఉండీ చూసుకోలేని స్థితిలో ఉన్న బిడ్డలను, హోముల్లో మిగిలిపోయిన పెద్ద పిల్లలను ఒక కుటుంబం ప్రభుత్వం తరఫున పెంచడం. 2024 మార్గదర్శకాల ప్రకారం ఒంటరివాళ్లు కూడా చెయ్యవచ్చు, రెండేళ్లు అలా పెంచాక ఆ బిడ్డను దత్తత అడగవచ్చు. ఇదివరకు ఆ గడువు అయిదేళ్లుండేది.

ఇప్పుడు ఆ చెవిలో చెప్పే దారి గురించి. దాని గురించి నేను నెమ్మదిగా మాట్లాడలేను, మన్నించాలి.

1999లో, మళ్లీ 2001లో హైదరాబాదులో కొన్ని దత్తత సంస్థల మీద దాడులు జరిగాయి. నల్లగొండ జిల్లా లంబాడా తండాల నుంచి ఆడశిశువులను దళారులు కొద్ది డబ్బుకు తెచ్చి, కాగితాలు పుట్టించి, విదేశీ దత్తతలకు పంపుతున్నారని బయటపడింది. ఆ తల్లులు నిరక్షరాస్యులు. వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో వాళ్లకు తెలియదు. ఆ పిల్లల్లో కొందరు ఇవాళ అమెరికాలోనో యూరపులోనో పెద్దవాళ్లయి, ఫైల్లో రాసి ఉన్న తల్లి పేరు నిజమో కాదో తెలియక బతుకుతున్నారు. 2021లో కోవిడ్ రెండో అల వచ్చినప్పుడు "తల్లిదండ్రులు పోయిన పసిబిడ్డ ఉంది, కావాలంటే ఫోన్ చెయ్యండి" అంటూ వాట్సాప్‌లో సందేశాలు తిరిగాయి. మంచి మనసుతోనే చాలామంది వాటిని పదిమందికి పంపారు. సుప్రీంకోర్టు కలగజేసుకుని అలాంటి దత్తతలపై చర్య తీసుకోమని చెప్పాల్సి వచ్చింది.

2024 మే నెలలో రాచకొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఢిల్లీ, పుణె వైపు నుంచి పసిపిల్లలను తెచ్చి తెలంగాణలో, ఆంధ్రలో సంతానం లేని దంపతులకు లక్షల రూపాయలకు అమ్మారు. పదిమందికి పైగా పిల్లలను తిరిగి స్వాధీనం చేసుకున్నారు. అప్పటికి కొందరు పిల్లలు ఆ ఇళ్లలో నెలల తరబడి పెరిగారు. ఆ పిల్లలను చేతుల్లోంచి తీసుకుంటుంటే కొన్న తల్లులు గుండెలు బాదుకుని ఏడ్చారు. పిల్లలూ ఏడ్చారు. ఆ ఏడుపులో అబద్ధం లేదు. ఆ దంపతులను నేరస్తులని తేలిగ్గా అనెయ్యడానికి నాకు నోరు రాదు. కానీ ఆ పిల్లలను కన్న తల్లులు ఎవరు? వాళ్ల దగ్గర నుంచి ఎత్తుకొచ్చారా, కొన్నారా, మోసం చేశారా? అడిగితే చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. 2025 జూలైలో సికింద్రాబాదులో బయటపడ్డ సంతాన సాఫల్య కేంద్రం వ్యవహారంలో అద్దె గర్భం అని చెప్పి ఇంకెవరో కన్న బిడ్డను చేతిలో పెట్టారు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే గానీ ఆ దంపతులకు తెలియలేదు.

బిడ్డను అమ్మినవాళ్లకే కాదు, కొన్నవాళ్లకూ అయిదేళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. ఆసుపత్రి మనిషైతే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా. శిక్ష చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఈ దారిలో మొదట జరిగే పని ఏమిటో చూడండి. కొన్న ఇల్లాలి పేరు మీదే ఆసుపత్రిలో ప్రసవం అయినట్టు రాయిస్తారు. అంటే ఆ బిడ్డ బతుకులో మొదటి కాగితమే అబద్ధం. ఆ తర్వాత రక్తపు గ్రూపు కలవని రోజు, ఆస్తి పంపకంలో బంధువు నోరు జారిన రోజు, పెళ్లి సంబంధం మాటల్లో ఊరివాళ్లెవరో చెప్పేసిన రోజు, ఏదో ఒక రోజు వస్తుంది.

ఎందుకు మనవాళ్లు తెలిసీ ఆ దారిన పోతారు? నా అభిప్రాయం, మూడేళ్ల నిరీక్షణ ఒక్కటే కారణం కాదు. దాచవచ్చునన్న ఆశ. గర్భం వచ్చినట్టు చెప్పుకుని, పుట్టింటికి వెళ్లినట్టు చెప్పుకుని, బిడ్డతో తిరిగి రావచ్చు. గొడ్రాలన్న మాట పడక్కర్లేదు. ఏ కులం అన్న ప్రశ్న రాదు. శిశు గృహలో కులం చెప్పరు. చెప్పకపోవడమే సరి అని నా నమ్మకం. మనం మన ఇళ్లలో, తిరునాళ్లలో, పెళ్లి భోజనాల దగ్గర అడిగే ప్రశ్నలే ఆ ఆడమనిషిని దళారి గుమ్మం దాకా తరుముతున్నాయి. అందుకే ఈ విషయంలో చట్టం ఎంత చెప్పినా, అత్తగార్లకూ ఆడపడుచులకూ చెప్పుకోవలసింది చాలా ఉంది.

చిన్నప్పుడే చెప్పండి. మాటలు వచ్చే వయసు నుంచే, అన్నం పెడుతూ కథ చెప్పినట్టు చెప్పండి: నువ్వు ఫలానా ఊరి శిశు గృహలో ఉన్నావు, మేము నీ కోసం వచ్చాం. అలా విన్న బిడ్డకు అది వార్త కాదు, తన కథ. ఇరవయ్యేళ్లకు బయటివాళ్ల నోట విన్న బిడ్డకు పిడుగు. కర్ణుడికి తన పుట్టుక నిజం యుద్ధానికి ముందు తెలిసింది. రాధ, అధిరథుడు పెంచిన ప్రేమ మీద అతనికి ఒక్క మాట అనుమానం లేదు. ఆ నిజం వచ్చిన వేళే అతన్ని దెబ్బ తీసింది. మన చట్టంలో పద్దెనిమిదేళ్లు నిండిన దత్తత బిడ్డ తన మూలాల గురించి కారాను, తనను దత్తత ఇచ్చిన సంస్థను అడగవచ్చు. అంతకంటే చిన్నవాళ్లు పెంచిన తల్లిదండ్రులతో కలిసి అడగవచ్చు. కన్న తల్లి తన వివరాలు చెప్పవద్దంటే ఆమె గుట్టు కాపాడతారు. అలా అడిగినప్పుడు తెరవడానికి ఒక ఫైలు ఉంటుంది. దళారి దగ్గర కొన్న బిడ్డకు తెరవడానికి ఏ ఫైలూ ఉండదు.

కన్న తల్లి గురించి రెండు మాటలు. పెళ్లి కాకుండా గర్భం వచ్చిన పిల్ల, భర్త వదిలేసిన స్త్రీ, నాలుగో ఆడపిల్ల పుట్టి ఏంచెయ్యాలో తోచని తల్లి మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లు కాలువ గట్టు మీదో, బస్టాండులోనో బిడ్డను వదిలే పరిస్థితి రాకుండా శిశు గృహల దగ్గర, పెద్దాసుపత్రుల దగ్గర ఊయలలు పెట్టారు. పేరు చెప్పనక్కర్లేదు. చెప్పి కమిటీ ముందు అప్పగిస్తే ఆ 60 రోజుల గడువు ఉంటుంది, పోలీసు కేసు భయం అక్కర్లేదు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు ఈ సభలో ఉంటే నా విన్నపం ఒక్కటే: అలాంటి తల్లి మీ దగ్గరికి వచ్చినప్పుడు ఆమెకు ఈ మాట చెప్పండి. మీకు తెలిసిన పిల్లలు లేని దంపతుల ఫోన్ నంబరు మాత్రం ఇవ్వకండి. మీరు మంచి అనుకుని చేసినా అది నేరమే అవుతుంది. ఎక్కడైనా బిడ్డ దొరికితే 24 గంటల్లో కమిటీకో, పోలీసులకో, బాలల సహాయ నంబరు 1098కో తెలియజెయ్యాలి.

చివరగా వరసలో ఉన్న దంపతులకు ఒక సంగతి. పాలు తాగే బిడ్డ కోసం ముప్పై వేల కుటుంబాలు ఎదురు చూస్తుంటే, అదే పోర్టల్‌లో ఎనిమిదేళ్ల పిల్లలు, విడదీయకుండా ఇవ్వాల్సిన అక్కాతమ్ముళ్లు, గుండెలో రంధ్రం ఉన్నవాళ్లు, ఒక చెవి వినపడనివాళ్లు ఎవరైనా వస్తారేమోనని చూస్తూ ఉన్నారు. వాళ్లకు మూడేళ్ల వరస లేదు. ఇప్పటికే ఇద్దరు పిల్లలున్న కుటుంబాలు కూడా వాళ్ల కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. మచిలీపట్నంలో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే ఆ పిల్లల వివరాలు పోర్టల్‌లో ఎలా చూడాలో చూపిస్తారు. ఉయ్యూరు నుంచి బందరు బస్సులో రెండు గంటలు కూడా పట్టదు.